కారు కింద రంగు

డ్యూటీ దిగి, జె.సి. రోడ్డులో
నయాజ్ కొట్టు ముందు బండి ఆపాను.
తొమ్మిదేళ్ళ ఆల్టో. ఎడమ తలుపు మీద
ఏ గోడదో గీత.

"కింద లైట్లెయ్యాలి," అన్నాను.
నా మెడలో ఆసుపత్రి బిళ్ళ చూశాడు,
నెరిసిన పాపిడి చూశాడు,
"అబ్బాయి బండా మేడమ్?"
"నాదే."
ఇంకేం అడగలేదు. చింతామణివాడట,
తెలుగు తడుముకోకుండా మాట్లాడాడు.

గాజుబల్ల మీద చుట్టలు విప్పి
పాత బ్యాటరీకి ఒక్కొక్కటే తగిలించాడు.

ఎరుపు.
వద్దు. ఇరవై రెండేళ్ళుగా
నా గది తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది
ఎవరూ లోపలికి రాకుండా.

నీలం.
ఫిల్ములు ఆనించి చూసే పెట్టె రంగు,
విరిగిన మణికట్లు, పిల్లాడు మింగిన రూపాయి బిళ్ళ.

ఆకుపచ్చ చూపించబోతే
చెయ్యి అడ్డం పెట్టాను. ఆపరేషన్ గౌన్లు.

"మీకు నచ్చేది నా కొట్లో లేదేమో,"
అంటూనే అడుగు సొరుగులోంచి తీశాడు
ఎవరూ కొనని ఒక పసుపు.
పసుపు కాదు.
పనస తొనని ఎండకెదురుగా పట్టుకుంటే
లోపల గింజ నీడతో సహా కనిపిస్తుందే,
ఆ రంగు.

"సిలికాన్ తొడుగుది తీసుకోండి, ఐదొందలెక్కువ.
మామూలుది మన రోడ్లకి
ఆషాఢం దాటదు.
ట్రాఫిక్ వాళ్ళు చూస్తే ఫైనుంటుంది, ముందే చెప్తున్నా,
స్విచ్చి స్టీరింగ్ కింద పెడతాను."

జాకీ ఎత్తారు.
సులేమాన్ అనే కుర్రాడు వెల్లకిలా
చక్రాల పలక మీద లోపలికి జారాడు.
నేనూ మోకాళ్ళ మీద వంగాను.

ఎంతమంది పక్కటెముకలు చూశానో లెక్కలేదు,
దీని పొట్ట ఇన్నేళ్ళూ చూడలేదు.
స్పీడ్‌బ్రేకర్లు గీకిన చారలు,
సైలెన్సరుకి కరిగి అతుక్కున్న పాలకవరు,
తుప్పు, ఎండిన మట్టి,
ఒకచోట ఎవరో వేసిన పాత వెల్డింగు
సరిగ్గా అతకని ఎముకలా ఉబ్బి.
నాకమ్మినాయన ఈ మాట చెప్పలేదు.

కుర్రాడు డ్రిల్లు ఆనించాడు.
"కదలకండి," అన్నాను, నోరు జారి.
"ఎవరు మేడమ్?" అన్నాడు కిందనించి.

ఏడైంది. చినుకు పడి ఆగింది.
వైర్లు కలిపారు, స్విచ్చి నొక్కమన్నారు.
లోపల కూర్చుని నొక్కాను.

ఏమీ లేదు.
అదే డాష్‌బోర్డు, అదే వైపరు,
ఎదుట అదే బస్సు వెనక భాగం.
నయాజ్ బయట నిలబడి నవ్వుతున్నాడు
నాకు కనబడని దేన్నో చూసి.

అప్పుడు తట్టింది,
ఇది నడిపేవాళ్ళకి కనిపించే దీపం కాదని.
ఏడువేల రెండొందలు పోసి
దారినపోయేవాళ్ళకి కొనిచ్చానన్నమాట.

దిగి, తాళం సులేమాన్‌కిచ్చి
"ఆ మూలదాకా పోయి రా, మెల్లగా," అన్నాను.
చెరుకురసం బండి పక్కన నిలబడ్డాను.

నేను లేని నా బండి కదిలింది.
దాని కింద తడిరోడ్డు పండింది.
గుంతలూ పండాయి, గుట్కా పొట్లాలూ,
మూత కదిలిన మ్యాన్‌హోలూ.
నేలకి ఆనకుండా
జానెడెత్తులో తేలుతున్నట్టు పోయింది
ఈఎంఐ ఇంకా పదకొండు మిగిలిన నా ఆల్టో.

"అది నాదే," అన్నాను చెరుకురసమాయనతో.
ఆయన అడగలేదు.
గ్లాసు కడుగుతూ తలెత్తి
"చెన్నాగిదె," అన్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

ఇంటికి పోతుంటే మినర్వా సర్కిల్లో
స్కూటీ మీద ఇద్దరాడపిల్లలు
కిందకి చూసి, నావైపు చూసి
బొటనవేలెత్తారు.
ఏం చూశారో నేను చూళ్ళేదు.
నేనూ ఎత్తాను.

మా వీధి మొదట్లో ఆ పెద్ద స్పీడ్‌బ్రేకరు,
అన్ని చారల్లో సగం దానివే.
ఫస్టు గేరు.
రోజూ వందమందికి చెప్పే మాట
ఈసారి నాకే చెప్పుకున్నాను:
ఊపిరి బిగబట్టు.

ముందు చక్రాలు దిగాయి.
వెనకవీ దిగాయి.

గీసుకోలేదు.
వదిలాను.